రహస్య పుట క్షేమమా?

పోయిన నెల కంటి డాక్టరుకు చూపించుకుని గుంతకల్లు బస్టాండుకు వచ్చేసరికి మా ఊరి బస్సుకు ఇంకా యాభై నిమిషాలు ఉంది. బస్టాండు వెనక పాత కాగితాల కొట్టు ఒకటి ఉంది. తూకానికి వచ్చిన పుస్తకాల కుప్పలో ఒక అట్ట మీద మా లైబ్రరీ చీటీ కనిపించింది. కోళ్ల పెంపకం మీద పుస్తకం. దాని మొదటి పుట మీద "తొలగించినది" అని అడ్డంగా ముద్ర కొట్టి ఉంది. నేను రిటైరై ఇరవై ఏళ్లు దాటింది. అయినా నా వేలు తనంత తానే పుస్తకంలోకి దూరి ఒక పుట దగ్గర ఆగింది. అక్కడ మా లైబ్రరీ గుండ్రటి ముద్ర ఉంది, ఎడమ పక్కకు ఒరిగి. డాక్టరు రెండు కళ్లలోనూ మందు వేసి పంపాడు కాబట్టి చిన్న అక్షరాలన్నీ అలికినట్టున్నాయి గానీ, ఆ ఒరుగు మాత్రం కనిపించింది. కొట్టాయన చెప్పిన ధర ఇచ్చి పుస్తకం చంకలో పెట్టుకున్నాను. మా ఇంట్లో కోళ్లు లేవు.

లైబ్రరీలో పనిచేయని వాళ్లకు ఈ సంగతి కొంచెం చెప్పాలి. కొత్త పుస్తకం రాగానే దానికి ఒక వరుస నంబరు వేసి రిజిస్టరులో రాసుకుంటాం. తర్వాత గుండ్రటి రబ్బరు ముద్రను మూడు చోట్ల వేస్తాం. ఒకటి మొదటి పుట మీద, ఒకటి చివరి పుట మీద. ఈ రెండూ అందరికీ తెలిసినవే, కాబట్టి పుస్తకం ఎత్తుకుపోయేవాడు ముందు వాటినే చింపుతాడు. మూడోది లోపల ఎక్కడో, ఆ లైబ్రరీ వాళ్లకు మాత్రమే తెలిసిన పుట మీద. దాన్ని రహస్య పుట అంటాం. ప్రతి లైబ్రరీకి ఒక అంకె ఉంటుంది. ఎన్ని వేల పుస్తకాలున్నా అన్నిట్లోనూ అదే పుట. ఆ అంకెను ఎక్కడా రాయరు. నాకంటే ముందు పనిచేసినాయనను మేమంతా పెద్ద సారు అనేవాళ్లం. ఆయన రిటైరయ్యే రోజున బీరువా తాళాలు బల్లమీద పెట్టి, అంకెను మాత్రం నా చెవిలో చెప్పాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా చెవిలోనే చెప్పాడు. పద్దెనిమిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను, తిన్న కూరలు కూడా రాసినవాణ్ణి, ఆ అంకెను ఇంతవరకు డైరీలో రాయలేదు. ఇక్కడా రాయను.

నిజానికి అది ఏమంత గొప్ప రహస్యం కాదు. ఎవరైనా మా లైబ్రరీలో వరసగా రెండు పుస్తకాలు చివరిదాకా చదివితే కనిపెట్టగలరు. ఇన్నేళ్లలో ఎవరూ కనిపెట్టలేదు. మా ఊరు వజ్రకరూరుకు, విడపనకల్లుకు మధ్య ఉంది. వాన పడ్డ మర్నాడు జనమంతా చేలల్లో తలవంచుకుని వజ్రాలు వెతుకుతారు, వాన పడని రోజు లైబ్రరీకి వచ్చి పేపరు చదువుతారు. వానలు పడేవి తక్కువ కాబట్టి పేపర్లు బాగా నలిగేవి. పుస్తకాల జోలికి పోయేవాళ్లు పదిమంది ఉంటారేమో.

ఆ అంకె తెలిసిన రెండో మనిషి మా లైబ్రరీ ఊడ్చే ఆమె. ఊరంతా ఆమెను లైబ్రరీ అక్క అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. చర్చి పక్క వీధిలో ఇల్లు. పెద్ద సారు కాలంలోనే పనిలో చేరింది. పార్ట్‌టైం అని పేరు గానీ, పొద్దున తలుపు తీసేది ఆమె, సాయంత్రం వేసేది ఆమె. చేరినప్పుడు ఆమెకు చదువు రాదు. పుస్తకాల వీపుల మీది అంకెలతో మొదలుపెట్టి, పేపరు హెడ్డింగులు దాటి, నేను గమనించేలోగా అన్నీ చదవడం నేర్చింది. కొత్త పుస్తకాల కట్ట వచ్చినప్పుడు నేను నంబర్లు వేస్తుంటే ఆమె ముద్రలు కొట్టేది. ఎడమచేతి వాటం కాబట్టి ఆమె ముద్ర ఎప్పుడూ ఎడమకు ఒరిగేది. "నేరుగా కొట్టమ్మా" అని చెప్పి చెప్పి నేను విసిగిపోయాను. "గుండ్రంగా ఉండేదానికి నేరేంది, వంకరేంది సార్?" అనేది.

తొంభైల చివర్లో, రెండేళ్లుగా వానల్లేక చెరువులన్నీ నెర్రెలు విచ్చిన వేసవిలో, శ్రీలంక నుంచి ఒక ఉత్తరం వచ్చింది. డైరీలో ఆ రోజు ఇలా రాసుకున్నాను: "మంగళవారం. గాలి ఎక్కువ. విదేశీ ఉత్తరం. కవరు మూల చిరిగి ఉంది. ఎవరు చింపారు?" మా ఊరికి విదేశీ ఉత్తరం రావడం అప్పటికి వింత. అందులోనూ శ్రీలంక. అప్పుడు అక్కడ యుద్ధం సాగుతున్న రోజులు, మన పేపర్లలో రోజూ బాంబుల వార్తలు. పోస్టుమన్ ఆ కవరును టీ అంగట్లో నలుగురికీ చూపించి మరీ తెచ్చాడు.

ఉత్తరం ఇంగ్లీషులో, వణికే చేతిరాతలో ఉంది. రాసినాయన ఆ దేశంలో వానలు తక్కువ పడే ప్రాంతంలో ఒక ఊరి లైబ్రరీలో ఎన్నో ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దమనిషి. చెరువులు, బావుల మరమ్మతుల మీద ఇంగ్లీషు వాళ్ల కాలంలో అచ్చయిన ఒక పుస్తకం మొదటి భాగం మా దగ్గర ఉండాలని, రెండో భాగం తమ దగ్గర ఉందని, రెండు లైబ్రరీలూ నకళ్లు మార్చుకుంటే ఇద్దరికీ పూర్తి పుస్తకం అవుతుందని రాశాడు. అంతవరకు బాగానే ఉంది. చివర్లో, సంతకానికి ముందు ఒక వాక్యం ఉంది. "మీ లైబ్రరీలో ఫలానా పుట క్షేమంగా ఉందని తలుస్తాను" అని. ఫలానా అన్నచోట అంకె వేశాడు. అది మా అంకె.

నేను లేచి తలుపు దగ్గరికి వేశాను. మళ్లీ కూర్చుని ఇంకోసారి చదివాను. సముద్రం అవతల, నేను పేరు కూడా వినని మనిషికి, నేను డైరీలో కూడా రాయని అంకె ఎలా తెలిసింది? పెద్ద సారు పోయి అప్పటికి ఏడేళ్లు. మిగిలింది ఇద్దరం. నేను ఎవరికీ చెప్పలేదు. సొంత భార్య అడిగినా చెప్పలేదు. అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

మూడోరోజు పోలీసు శాఖ నుంచి మఫ్టీలో ఒక హెడ్ కానిస్టేబులు వచ్చాడు. మర్యాదస్తుడే. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా ముందు బీరువాల వెనక చూసి వచ్చాడు. ఉత్తరం చూపించమన్నాడు. చూపించాను. వేలు నేరుగా ఆ వాక్యం మీదికి పోయింది.

"ఈ అంకె ఏంది సార్?"

"పుట నంబరు."

"యాడి పుట?"

"పుస్తకంలో పుట."

"దాని క్షేమం అడుగుతాండాడు గదా సార్. పుటకేమన్నా జొరమొచ్చిండాదా?"

నిజం చెప్తే మా లైబ్రరీ రహస్యం పోలీసు ఫైలులోకి ఎక్కుతుంది. చెప్పకపోతే నేను ఎక్కుతాను. "పాత పుస్తకాలు కదా, చెదలు పట్టాయేమోనని అడిగాడు" అన్నాను. ఉద్యోగంలో నేనాడిన మొదటి అబద్ధం అది. ఆయన నమ్మలేదు. పుస్తకం తెప్పించి ఆ పుట తీశాడు. "ఈడ ముద్ర ఉండాది సార్" అన్నాడు. "లైబ్రరీ పుస్తకంలో లైబ్రరీ ముద్ర ఉండక ఏముంటుంది" అన్నాను. ఆయన తల ఊపి పుటలు తిప్పుతూ పోయి కణేకల్లు చెరువు మ్యాపు దగ్గర ఆగాడు. పుస్తకం నకలు పంపడానికి అభ్యంతరం లేదట గానీ, మ్యాపు మాత్రం పరదేశానికి పోకూడదట. ఆ చెరువు ఈ జిల్లాలో పశువుల కాపర్లందరికీ తెలుసు, ఆకాశంలో ఎగిరే కొంగలకు కూడా తెలుసు. అయినా సరేనన్నాను. తర్వాత నకళ్లు పంపినప్పుడు ఆ పుటకు బదులు ఒక తెల్ల కాగితం పెట్టి, "ఇక్కడ ఒక చెరువు ఉంది" అని రాసి పంపాను.

ఊరివాళ్ల అనుమానం ఇంకో దారిలో నడిచింది. రోజూ పేపరు కోసం వచ్చే శెనక్కాయల రైతు ఒకాయన, మా ఆవిడ తరఫున నాకు వరసకు మామ అవుతాడు, గేటు దగ్గరే నన్ను పట్టుకున్నాడు. "ఏమప్పా అల్లుడా, లంకోనికి మన బావుల పుస్తకం ఎందుకంట? బావి తవ్వితే ఈడ నీళ్లు పడవని లోకమంతా తెలుసు. ఇంగ పడేదేంది? రాళ్లు. రాళ్లల్లో ఏముంటాయి? నువ్వు అమాయకుని మాదిరి ఉండొద్దు" అన్నాడు. ఆ వారమంతా నలుగురు రైతులు వచ్చి ఆ పుస్తకం అడిగి తీసుకున్నారు. అది ఇంగ్లీషు పుస్తకం. బొమ్మలు చూసి తిరిగిచ్చారు. మా లైబ్రరీలో ఏ పుస్తకానికీ అంత గిరాకీ రాలేదు.

నేను వాళ్లను చూసి నవ్వుకున్నాను గానీ, నా అనుమానం వాళ్లదానికంటే చెడ్డది. వాళ్లు ఎవరో పరాయివాణ్ణి అనుమానించారు. నేను రోజూ నాకు టీ తెచ్చిచ్చే మనిషిని అనుమానించాను. పాత డైరీలు తీసి వెతికాను. అక్కకు ఒక చెల్లెలుంది, తమిళదేశంలో ఒక ఆసుపత్రిలో ఆయా. ఆమె రాసే ఉత్తరాలు లైబ్రరీ అడ్రసుకే వచ్చేవి. రెండేళ్లలో ఐదు ఉత్తరాలు, తమిళ ముద్రలతో, వచ్చిన రోజులతో సహా నా డైరీలో ఉన్నాయి. తమిళదేశం నుంచి లంకకు ఎంత దూరం? ఆసుపత్రికి లంక రోగులు రాకుండా ఉంటారా? అక్క మాటల్లో మాటగా రాసి ఉంటుంది, చెల్లెలు ఎవరికో చెప్పి ఉంటుంది. ఒక్కో గీత కలుపుకుంటూ పోయి ఒక బొమ్మ గీసేశాను. పద్ధతిగా పనిచేసేవాడికి ఉండే జబ్బు ఇదే. తప్పును కూడా పద్ధతిగా చేస్తాడు.

శనివారం సాయంత్రం అందరూ పోయాక అడిగాను. ఆమె చీపురు గోడకు ఆనించి నిలబడింది.

"ఆ అంకె నువ్వు ఎవరికైనా చెప్పినావా అక్కా?"

"నేనెవరికి చెప్తా సార్?"

"మన ఇద్దరికే కదా తెలుసు."

"మనిద్దరికేనా?" అంది. "సదివేటోళ్లందరికీ కనపడ్తాది గదా సార్ ఆ గుండ్రం. వాళ్లనందర్నీ అడిగినావా, నన్నొక్కదాన్నే అడుగుతాండావా?"

జవాబు లేనప్పుడు పెద్ద ఉద్యోగి ఏం చేస్తాడో అదే చేశాను. ముద్రను, ఇంకు ప్యాడును ఆమె బల్లమీద నుంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె చీపురు తీసుకుని వాకిలి ఊడ్చింది. సాయంత్రం పూట ఆమె వాకిలి ఊడ్చడం నేను అంతకుముందు చూడలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ నెలలోనే జిల్లా ఆఫీసులో పార్ట్‌టైం వాళ్లను పర్మినెంటు చేసే ఫైలు కదులుతోంది. అందులో అక్క పేరు ఉంది. ఆమెకు అదే చివరి అవకాశం. వయసు హద్దు దగ్గర పడింది. ఈ మాట నాకు తెలుసు, ఎందుకంటే ఆమె వయసు సర్టిఫికెట్టు మీద సంతకం చేసింది నేనే. అయినా ఒక ఆదివారం కూర్చుని జిల్లా ఆఫీసుకు రహస్య లేఖ రాశాను. పదకొండు వాక్యాలు. ఆమె దొంగ అని ఎక్కడా రాయలేదు. "లైబ్రరీ రహస్యాలు బయటికి పోయినట్లు అనుమానించవలసి వస్తున్నది, విచారణ పూర్తయ్యేదాకా ఈమె విషయం ఆపి ఉంచగలరు" అని రాశాను. నకలు డైరీలో అంటించుకున్నాను. ఇప్పటికీ ఉంది. చదివితే ఎక్కడా ఒక్క తప్పు లేదు. అంత శుభ్రమైన ఉత్తరం నేను మళ్లీ రాయలేదు.

అదే వారం లంక పెద్దాయనకూ రాశాను. పుస్తకం నకలు పంపుతూ, ఆ అంకె మీకు ఎవరు చెప్పారో దయచేసి తెలియజేయండి అని గట్టిగానే అడిగాను. నాలుగు నెలలు జవాబు లేదు. నా అనుమానం ఇంకా బలపడింది. అక్క ఎప్పటిలా వచ్చేది, తలుపు తీసేది, పేపర్లు పరిచేది. మాట్లాడితే బదులు చెప్పేది. తనంతట తాను మాట్లాడేది కాదు. కొత్త పుస్తకాల కట్ట వస్తే నేనే నంబర్లు వేసి, నేనే ముద్రలు కొట్టాను. నా ముద్రలు నిటారుగా, తూకం వేసినట్టు పడేవి.

వానాకాలం రాకుండానే పోయాక ఒక పార్సెలు వచ్చింది. ఎవరెవరో విప్పి మళ్లీ కట్టినట్టు మూడు రకాల దారాలున్నాయి. లోపల పుస్తకం రెండో భాగం జిరాక్సు, నాలుగు పేజీల ఉత్తరం ఉన్నాయి. నేను ఉత్తరం కంటే ముందు ఆ అంకె పుట తీశాను. అక్కడ వాళ్ల లైబ్రరీ గుండ్రటి ముద్ర ఉంది. అదే పుట మీద.

ఉత్తరంలో ఆయన నా గట్టి ప్రశ్నకు మెత్తగా జవాబు చెప్పాడు. రెండు దేశాలకూ స్వతంత్రం రాకముందు మద్రాసులో లైబ్రరీ పని నేర్పే తరగతికి ఆయన ఓడెక్కి వచ్చాడట. పక్క బెంచీ మీద మా పెద్ద సారు కూర్చునేవాడట. పాఠం చెప్పే అయ్యవారు రహస్య పుట గురించి చెప్పిన రోజు, వాళ్లిద్దరూ ఒకే అంకె పెట్టుకుందామని మాట అనుకున్నారు. తాము అద్దెకున్న గది నంబరు అది. చెరువుల పుస్తకం రెండు భాగాలు కొనే స్తోమత ఏ లైబ్రరీకీ లేక, ఒక్కో భాగం ఒక్కొక్కరు కొని, ఏడాదికోసారి పోస్టులో మార్చుకునేవారు. "స్వతంత్రం వచ్చాక మాకు రెండు జెండాలు వచ్చాయి, రెండు రకాల ఫారాలు వచ్చాయి. నాలుగేళ్లు ఫారాలు నింపాం. తర్వాత పుస్తకాలు ఎవరి దగ్గరవి వాళ్ల దగ్గర ఉండిపోయాయి. మీ ముందాయన సెలవులకు పోయి వచ్చినప్పుడల్లా ఒక సంచెడు వేయించిన వేరుశెనక్కాయలు తెచ్చేవాడు. ఆ పుట క్షేమం అడిగితే ఆయన గది గుర్తు చేసుకుంటాడని రాశాను. ఆయన లేడని మీ ఉత్తరం చూశాకే తెలిసింది" అని రాశాడు. కింద ఇంకో మాట: "చెరువు పుట బదులు మీరు పంపిన కాగితం భద్రంగా ఉంచాను. నా దగ్గర ఉన్న మ్యాపులన్నిటిలో అదే స్పష్టంగా ఉంది."

మర్నాడే మొదటి బస్సుకు అనంతపురం వెళ్లాను. మొదటి లేఖను వాపసు తీసుకుంటున్నానని ఇంకో లేఖ రాసుకుని వెళ్లాను. ఫైలు చూసే గుమాస్తా మా ఊరివైపు వాడే. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "లిస్టు పోయి నెలన్నర అయింది సార్. ఆమె పేరు లేదు" అన్నాడు. ఈ రెండోది చేరిస్తే మొదటిది తీసేయవచ్చు కదా అన్నాను. "ఇదీ ఎక్కిస్తాం సార్. కానీ ఎక్కిన కాగితం ఫైల్లోంచి దిగదు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా నేను నమ్మిన పద్ధతే అది.

సాయంత్రం లైబ్రరీకి చేరేసరికి అక్క కిటికీలు వేస్తోంది. కూర్చోమన్నాను. లంక ఉత్తరాన్ని వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. గది నంబరు దగ్గర ఆమె కళ్లు పెద్దవయ్యాయి. శెనక్కాయల దగ్గర నవ్వింది. "అయ్యో, పెద్ద సారు! ఈడ మాకు ఒక్క గింజ పెట్టలేదు. ఆ లంకాయనకు సంచెడు!" అంది. తర్వాత అడిగింది, "ఆ ముసలాయన ఇంగా బాగుండాడా సార్?" బాగున్నాడన్నాను. బీరువా తెరిచి ముద్ర, ప్యాడు తీసి ఆమె ముందు పెట్టాను.

ఆమె ముట్టుకోలేదు. "నీ దగ్గరే పెట్టుకో సార్" అంది. "మళ్లా యాడనో ఆ అంకె వినపడ్తే మళ్లా నన్నే అడుగుతావు. అప్పుడు నాకు తెలీదని చెప్పే వీలుండాల గదా. ఇంగ నువ్వు అంకె మార్చుకో. నాకు చెప్పాకు."

జిల్లా ఆఫీసు సంగతి ఎలా ఎత్తాలో నాకు తెలియలేదు. ఆమే ఎత్తింది. "నువ్వు ఆఫీసుకు రాసినదీ తెలుసులే సార్. నువ్వు కార్బను పెట్టి రాస్తావు. ఆ కార్బను పారేసేది నేనే. వెలుతురుకు పెట్టి చూస్తే అంతా కనపడ్తాది. ఈడ నేర్చుకున్న సదువే గదా." అంటే నాలుగు నెలలుగా ఆమెకు తెలుసు. తెలిసే రోజూ నా బల్ల తుడిచింది, టీ తెచ్చింది. "మరి నన్ను అడగలేదేం?" అన్నాను. "నువ్వు అడిగినప్పుడు నేను చెప్తే నమ్మినావా? నేను అడిగితే నువ్వేం చెప్తావు?" అని తాళం చెవులు బల్లమీద పెట్టి ఇంటికి వెళ్లింది.

అక్క పార్ట్‌టైంగానే ఇంకా తొమ్మిదేళ్లు చేసి మానేసింది. నేను అంతకుముందే రిటైరయ్యాను. ఆమె పింఛను లేకుండానే ఇంటికి పోయింది. ఇప్పుడు కణేకల్లులో కూతురి దగ్గర ఉందట. రెండుసార్లు చూడటానికి వెళ్లాను. రెండుసార్లూ మజ్జిగ ఇచ్చింది, నా చూపు గురించి అడిగింది, మా అబ్బాయిల గురించి అడిగింది. లైబ్రరీ మాట మాత్రం రానివ్వలేదు. లంక పెద్దాయన నుంచి రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి. ప్రతి ఉత్తరం చివరా ఆ పుట క్షేమం అడిగేవాడు. తర్వాత రావడం ఆగింది. పోలీసు ఆయన మాత్రం ప్రతి ఉత్తరానికీ ఒకసారి వచ్చి చూసి పోయేవాడు. ఉత్తరాలు ఆగాక ఒకరోజు దారిలో కనిపించి, "ఏమి సార్, మీ పుటకు ఇంగ ఎవరూ రాయడం లేదే" అన్నాడు. ఆయన గొంతులో కొంచెం దిగులు ఉంది.

అంకె మార్చమని అక్క అన్న మాట నేను వినలేదు. రిటైరయ్యేదాకా అదే పుట మీద ముద్ర కొట్టాను. కోళ్ల పుస్తకాన్ని ఇప్పుడు డైరీల పక్కన పెట్టుకున్నాను. ఈ జిల్లాలో ఏ పాత కాగితాల కొట్టులోనైనా మా లైబ్రరీ పుస్తకం దొరికితే, ఆ ఒక్క పుట తీసి అది ఎప్పటిదో నేను చెప్పగలను. ముద్ర ఎడమకు ఒరిగి ఉంటే అది నేను ఆమెను నమ్మిన రోజులది, నిటారుగా ఉంటే ఆ తర్వాతది. నా డైరీల్లో ప్రతి రోజుకూ తేదీ ఉంది. కానీ ఏ రోజుతో ఒక కాలం అయిపోయిందో, అది మాత్రం ఆ రహస్య పుటల్లోనే ఉంది.